ఎగరని రోజుకి ఎంత

కార్ఖానా, సికింద్రాబాద్,
11 జూలై 1997

చిన్నాన్నకు,

సువార్త వందనాలు. చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? క్రితంసారి పంపిన తైలం అయిపోతే రాయండి, ఇక్కడ దొరుకుతుంది.

మా విమానాల కంపెనీ మూతపడిన సంగతి పేపర్లో చూసే ఉంటారు. ఏప్రిల్ నుంచి ఇంట్లోనే ఉన్నాను. మీకు రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. రాస్తే నిజమైపోతుందేమోనని వాయిదా వేశాను. ఫ్లయింగ్ క్లబ్బులో ఆరేళ్ళు నేర్పి, ఈ కంపెనీలో అయిదేళ్ళు నడిపి, ముప్ఫై ఎనిమిదో ఏట మళ్ళీ దరఖాస్తులు రాయడం కష్టంగా ఉంది. రిచర్డ్ బడిపంతులు జీతంతో ఇల్లు నడుస్తోంది. ఆయన ఒక్క మాటా అనడు. అనకపోవడమే ఒక్కోసారి బరువుగా ఉంటుంది.

ఇప్పుడొక దారి కనిపిస్తోంది. బేగంపేటలో చిన్న విమానాలు ఉంచుకుని కిరాయికి తిప్పే వాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు నెల జీతం మీద పైలట్ అక్కర్లేదు. విమానం లేచే రోజున పిలుస్తారు, ఆ రోజుకి ఇంతని ఇస్తారు. అలాంటి కంపెనీ మేనేజరు రామభద్రరావు గారిని మొన్న కలిశాను. నా లైసెన్సు, నడిపిన గంటలు అన్నీ చూసి, కాగితాలు మూసి, "బాగుందండీ మేడమ్, మరి రోజుకి మీ రేటెంత?" అన్నారు.

ఆలోచించుకుని చెప్తానని లేచి వచ్చేశాను. బయట ఆటో ఎక్కబోతే డ్రైవరు టక్కున "కార్ఖానాకు ముప్ఫై. మీటరు ముచ్చట తియ్యకుండ్రి" అన్నాడు. అతనికి తెలిసినపాటి సంగతి నాకు తెలియలేదే అని దారంతా అనుకున్నాను.

మీరు ముప్ఫై నాలుగేళ్ళు రైలింజను నడిపారు. డ్రైవరు రోజుకి విలువ ఎలా కట్టేవారు? దేన్ని చూసి కట్టేవారు? వివరంగా రాయండి. నాకు అడగడానికి ఇంకెవరూ లేరు.

మీ
సువార్త


డోర్నకల్,
19 జూలై 1997

చిరంజీవి సువార్తను దేవుడు చల్లగా చూచుగాక.

నీ ఉత్తరం అందింది. అందులో 'పిలిచిన రోజున పని' అన్న మాట చూసి అన్నం సయించలేదు. స్టేషనులో పొద్దున్నే గుంపుగా నిలబడి మేస్త్రీ వేలు చూపిస్తే బండిలో సరుకు దించే వాళ్ళను ముప్ఫై ఏళ్ళు చూశాను. మా అన్న కూతురు ఆ వరసలో నిలబడుతుందని కలలో కూడా అనుకోలేదు. మీ నాన్న ఉంటే ఏమనేవాడో! సరే, కాలం అలా ఉంది.

అడిగావు గనుక రాస్తున్నాను. మాకు మైలేజీ ఉండేది. బండి ఎన్ని మైళ్ళు కదిలితే అంత. షెడ్డులో నిలబడితే మైలేజీ లేదు. నాకు తెలిసినంతలో అదే న్యాయం. చక్రం తిరిగితేనే డబ్బు. నువ్వూ అలాగే చెప్పు, విమానం లేస్తేనే ఇవ్వండి అని. యజమానికి నమ్మకం కుదురుతుంది. ఎక్కువ అడగవద్దు. వాళ్ళు ఇచ్చేదానిలో సగానికి ఒప్పుకో. పని చూశాక వాళ్ళే పెంచుతారు. మన ఇంట్లో ఎవరూ బేరమాడి బతకలేదు.

చిన్నమ్మకు మోకాళ్ళు అలాగే ఉన్నాయి. గుడి పైకప్పు వానకు కారుతోంది. ఆదివారం పాదిరిగారు గొడుగు పట్టుకుని ప్రసంగం చేశారు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను, చిన్నమ్మ నన్ను గిచ్చింది.

రిచర్డుకు దీవెనలు.

దేవసహాయం


కార్ఖానా,
2 సెప్టెంబరు 1997

చిన్నాన్నకు,

జవాబు ఆలస్యమైంది, పని ఉండడం వల్లే. మీరు చెప్పినట్టే చేశాను. నా మనసులో ఉన్నదానిలో సగం, రోజుకి రెండున్నర వేలు, విమానం లేస్తేనే, అన్నాను. రామభద్రరావు గారు ఒక్క క్షణం నా మొహం చూసి, మళ్ళీ అడిగించుకోకుండా చెయ్యి కలిపారు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అర్థం కావలసింది. ఆగస్టులో పదకొండు రోజులు నడిపాను. తిరుపతి, నాగపూర్, రెండుసార్లు రాజమండ్రి.

మొన్న ఆదివారం మేము గుడి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర స్కూటరు ఉంది. కెప్టెన్ పర్వతాలు గారు. పాత కంపెనీలో నాకు పెద్ద విమానం నేర్పింది ఆయనే. యాభై రెండేళ్ళుంటాయి. చాయ్ ఇస్తే తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకునే కూర్చున్నారు.

"రామభద్రరావుకు నేను అయిదు వేలకు చేస్తుంటి," అన్నారు. "జులైల ఒకనాడు ఫోన్ బందయింది. ఎవరొచ్చిన్రో అనుకున్న. నువ్వేనంటగా."

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు, చిన్నాన్నా.

"తెల్వదని నాకు ఎరుకే. తెలిసి చేసే దానివి కావు. కానీ సువార్తా, జెర లెక్క చూడు. నెలకు ముప్ఫై దినాలు. నిన్ను పిలిచేది పది. కడమ ఇరవై దినాలు ఎట్ల? ఆర్నెల్లకోసారి డాక్టర్ల పరీక్ష ఎవని పైసలతోని? లైసెన్సు నిలుపుకునే పరీక్ష ఎవని పైసలతోని? రేపు బీపీ వచ్చి ఆపితే ఏం చేస్తవు? గవన్నీ ఆ పది దినాలల్లనే రావాలె. నేను అయిదు వేలు ఊకె అడిగిన్నా?"

రిచర్డ్ లెక్కల మాస్టారు కదా, పక్కన కూర్చుని మనసులో కూడుతున్నట్టు పెదాలు కదిలించాడు. ఆయన వెళ్ళాక "పర్వతాలు గారి లెక్క కరెక్టే" అని మాత్రం అన్నాడు.

నా తక్కువ రేటు నన్నొక్కదాన్నే కాదు, ఆయనను కూడా తగ్గించింది. రామభద్రరావు గారు ఇప్పుడు ఎవరొచ్చినా "మేడమ్ రెండున్నరకే వస్తున్నారండీ" అంటున్నారట. ఏం చెయ్యాలో తోచడం లేదు. అలసటగా ఉంది.

సువార్త


డోర్నకల్,
10 సెప్టెంబరు 1997

సువార్తకు,

నీ ఉత్తరంలో నన్ను తప్పు పట్టినట్టుంది. సగం అడగమన్నది నేనే కదా. సరే.

కానీ ఆ పర్వతాలు గారి మాట విని దొరికిన పని పోగొట్టుకోవద్దు. ఆయనకు దొరకకపోతే నీ తప్పా? బైబిల్లో ద్రాక్షతోట యజమాని ఒప్పుకున్న కూలి ఇచ్చాడు, సాయంత్రం వచ్చిన వాళ్ళకూ అంతే ఇచ్చాడని పొద్దున వచ్చిన వాళ్ళు సణిగారు. సణిగిన వాళ్ళదే తప్పు అని మాకు చిన్నప్పుడు నేర్పారు. పదకొండు రోజుల పని చిన్నది కాదు. ఇప్పుడు ఎక్కువ అడిగితే నీకు పొగరు అనుకుంటారు.

చిన్నమ్మ నేను కఠినంగా రాశానంటోంది. చింపి మళ్ళీ రాసే ఓపిక లేదు.

దేవసహాయం


కార్ఖానా,
16 నవంబరు 1997

చిన్నాన్నకు,

రెండు నెలలుగా రాయలేదు. కోపంతో కాదు. మీ ఉత్తరానికి అప్పుడే జవాబు రాశాను, పోస్టు చెయ్యలేదు. పనికి వచ్చేవరకూ సంతలో రోజంతా నిలబడ్డ వాళ్ళకు కూడా ఆ తోట యజమాని నిండు కూలి ఇచ్చాడు కదా, నిలబడ్డ పొద్దుకి కూడా ఇచ్చినట్టే కదా, అని రాశాను. మీతో వాదన ఎందుకని సొరుగులో పడేశాను.

ఇప్పుడు రాసేది వేరే. ఎవరికీ చెప్పలేదు. మీరు ఇంజను నడిపినవారు గనుక మీకు రాస్తున్నాను.

మొన్న బుధవారం రాజమండ్రి వెళ్ళాలి. పెళ్ళికి వెళ్ళే ఒక కుటుంబం, అయిదుగురు. ఒక్క పైలటే నడిపే చిన్న విమానం. అదే వారంలో సోమవారం, మంగళవారం కూడా యూనిఫాం వేసుకుని బేగంపేటలో కూర్చున్నాను. కోస్తాలో వాన వల్ల రెండు రోజులూ రద్దు. విమానం లేవలేదు గనుక ఆ రెండు రోజులకు ఏమీ లేదు. బుధవారం బయలుదేరే ముందు రామభద్రరావు గారు మెట్ల దాకా వచ్చి, "మేడమ్, అక్కడ దిగకుండా తిరిగొస్తే అది ట్రిప్పు కింద రాదండోయ్, ముందే చెప్తున్నా" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

రాజమండ్రి మీద మబ్బు బాగా కిందికి ఉంది. ఇంత ఎత్తు వరకు దిగాలి, అక్కడికి రన్‌వే కనిపించకపోతే మళ్ళీ పైకి లేవాలి అని మాకు లెక్క ఉంటుంది. మొదటిసారి కనిపించలేదు. లేచాను. రెండోసారీ అంతే. తిరిగి రావడానికి ఇంధనం నిండుగా ఉంది. తిరిగి రావాలి. క్లబ్బులో ఆరేళ్ళు నేను పిల్లలకు నేర్పింది అదే.

అప్పుడు నాకు తట్టిన మాట మీకు ఉన్నదున్నట్టు చెప్తాను. 'ఇది మూడో రోజు.' అంతే. భయం కాదు, ప్రార్థన కాదు. ఈ వారంలో ఇది మూడో రోజు అనుకున్నాను.

మూడోసారి వెళ్ళాను. ఆ లెక్క కంటే కిందికి దిగాను. రన్‌వే కంటే ముందు చెట్లు కనిపించాయి, చిన్నాన్నా. ఆకులు విడివిడిగా కనిపించేంత దగ్గరగా. వాటి మీదుగా లాగి దించాను. వెనకాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. పెళ్ళికూతురి తల్లి నా చేతిలో పూతరేకుల పొట్లం పెట్టి, "మా బంగారు తల్లివమ్మా, ముహూర్తానికి చేర్చావు" అంది.

పొట్లం అక్కడే కుర్చీలో వదిలేసి వచ్చాను.

సువార్త


డోర్నకల్,
22 నవంబరు 1997

చిరంజీవులు రిచర్డుకు, సువార్తకు,

ఉత్తరం చదివాను. మీ చిన్నమ్మ రోసమ్మకు చదివి వినిపించలేదు, ఆమెకు బీపీ. ఇద్దరూ బాగున్నారు, అది చాలు దేవునికి స్తోత్రం చెప్పడానికి. రాజమండ్రిలో ఆ చెట్ల సంగతి చదివాక నేను మీకొక సంగతి చెప్పాలి. ఇది నేను ఎవరితోనూ అనలేదు.

సువార్తా, నీ చిన్నప్పుడు వంతెన దగ్గర బండి ఆపిన కథ నాచేత పదిసార్లు చెప్పించుకునేదానివి. అరవై ఎనిమిదిలో, మహబూబాబాద్ దాటాక, వాగు వంతెన ముందు. వాగు నీళ్ళు ఇనుప దూలాలను తాకుతున్నాయని పాసింజరు బండి ఆపాను. గార్డు పరుగెత్తుకొచ్చి "ఏందయ్యా దేవసాయం, పాగలయినవా? సిగ్నల్ ఉన్నది గద, పోనియ్యి" అని అరిచాడు. నేను పోనివ్వలేదు. కళ్ళ ముందే వంతెన కూలిందని మీకు చెప్పేవాణ్ణి. మీరంతా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

వంతెన కూలలేదు. నాలుగు గంటల తర్వాత ఇంజనీరు ట్రాలీ మీద వచ్చి చూసి, బాగానే ఉందన్నాడు. అదే వంతెన మీద బండి తోలుకుని వెళ్ళాను. ఇప్పటికీ ఉంది అది. నా దగ్గర సంజాయిషీ రాయించుకున్నారు. అంతే. నెల తిరిగేసరికి జీతం ఎప్పటిలాగే వచ్చింది.

ఆ జీతం గురించే నేను నీకు రాయలేదు. మైలేజీ గురించి రాశాను. చక్రం తిరిగితేనే డబ్బు అని గొప్పగా రాశాను. ఆ మైలేజీ కింద నెల జీతమని ఒకటి ఉండేది, నిలబడ్డా వచ్చేది. గాలి పీల్చడం గురించి ఎవరూ రాయరు కదా, అలా మరిచిపోయాను. నువ్వేమో నా మాట పట్టుకుని కింద ఏమీ లేకుండా ఒట్టి మైలేజీ మీద ఎగిరావు.

నన్ను ధైర్యవంతుడని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. ఆ నెల రోసమ్మ నిండు నెలలతో ఉంది. బండి ఆపితే ఆ రోజు కూలి పోతుందని ఉంటే ఆపేవాణ్ణా? ఉత్తరం వచ్చినప్పటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను. ఆపేవాణ్ణని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

సగం అడగమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ చిన్నాన్న
దేవసహాయం


కార్ఖానా,
3 డిసెంబరు 1997

చిన్నాన్నకు,

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను నాగపూర్‌లో ఉన్నాను. కవరు మీద ఇద్దరి పేర్లూ ఉంటే రిచర్డ్ విప్పాడు.

ఆయనకు నేను చెప్పలేదు. 'ఎవరికీ చెప్పలేదు' అని మీకు రాశాను కదా. ఎవరికీ అంటే ఎవరికీ.

ఇంటికి వచ్చేసరికి ఉత్తరం బల్ల మీద, పైన కళ్ళద్దాలు పెట్టి ఉంది. "ఏం చెట్లు, సువార్తా?" అన్నాడు. చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పని మానెయ్యమంటవని."

"అవును, అంటుండె," అన్నాడు. "నీకేమన్న అయితే ఆ రామభద్రరావు ఫోన్ చేసి చెప్తుండె నాకు. గప్పుడు తెలుస్తుండె" అన్నాడు.

అప్పటి నుంచి అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు. బడికి వెళ్తున్నాడు, వస్తున్నాడు, వంటలో సాయం చేస్తున్నాడు. మీరు మంచికే రాశారు. కానీ ఇంకొంత చూసుకుని రాయాల్సింది.

సువార్త


డోర్నకల్,
12 డిసెంబరు 1997

సువార్తా, తల్లీ,

నన్ను క్షమించు. ఎవరికీ అంటే బయటివాళ్ళకు అనుకున్నాను. కట్టుకున్నవాడు కూడా అందులోకి వస్తాడని నా ముసలి బుర్రకు తట్టలేదు. కవరు మీద ఇద్దరి పేర్లు రాయడం ముప్ఫై ఏళ్ళ అలవాటు. రోసమ్మతో చెప్తే "నీకు పేరు రాసే తెలివి సుత లేదు" అంది. రిచర్డుకు విడిగా కార్డు రాశాను.

ఇంకో సంగతి, ఇది నిన్ను సంతోషపెడుతుందనుకుంటాను. ఇక్కడి బడిలో లెక్కలు, సైన్సు చెప్పడానికి మనిషి కావాలి. హెడ్‌మిస్ట్రెస్ కాంతమణి గారితో మాట్లాడాను. నీ పేరు చెప్పగానే "విమానం నడిపే అమ్మాయా? మా పిల్లలు ఎగిరి గంతేస్తారు" అన్నది. జనవరి అయిదున వచ్చి చేరుతుందని మాట ఇచ్చేశాను. జీతం తక్కువే, కానీ నెల నెలా వస్తుంది. ఇంటి వెనక గదికి సున్నం వేయిస్తున్నాను. రిచర్డుకు కూడా ఇక్కడ ఉద్యోగం చూడవచ్చు.

ఇకమీదట ఆ విమానాలు చాలు.

నీ మంచి కోరే
చిన్నాన్న


కార్ఖానా,
5 జనవరి 1998

చిన్నాన్నకు,

ఈ రోజు నేను కాంతమణి గారి బడిలో ఉండాలి. ఇక్కడ కూర్చుని మీకు ఉత్తరం రాస్తున్నాను. వారికి నా తరఫున వందనాలు చెప్పండి, క్షమాపణ కూడా. నన్ను అడగకుండా మీరు మాట ఇచ్చారు, అది నాకు బాధ కలిగించింది. కానీ గదికి సున్నం వేయించారని చదివినప్పుడు ఏడుపు వచ్చింది. గది మాత్రం ఉంచండి. వేసవిలో వస్తాం.

నేను విమానాలు మానను. బడి పని చిన్నదని కాదు, రిచర్డ్ చేసేది అదే కదా. అక్కడికి వస్తే, నేను భయపడి వచ్చేశానని నాకు జీవితాంతం తెలుస్తుంది. పిల్లలకు తెలియకపోయినా సరే.

రిచర్డ్ మాట్లాడాడు. క్రిస్మస్ ముందు రోజు గుడి నుంచి నడిచి వస్తుంటే తనే మొదలుపెట్టాడు. "పని మానమని అనను. వాతావరణం మంచిగ లేని దినం నువ్వు ఇంట్ల కూసుంటే మనకు నష్టం లేకుండ చెయ్యాలె. అది లెక్క పనే. పర్వతాలు సారును పిలువు" అన్నాడు.

క్లాక్ టవర్ దగ్గర ఇరానీ హోటల్లో ముగ్గురం కూర్చున్నాం. రిచర్డ్ తన బడి నోటుపుస్తకం తెచ్చాడు. పర్వతాలు గారు ఈసారి చాయ్ తాగారు, రెండుసార్లు. ఏడాదిలో ఎన్ని రోజులు పిలుపు వస్తుంది, పరీక్షలకు ఎంత, జబ్బు చేస్తే ఎంత, అన్నీ వేసి రిచర్డ్ రోజుకి నాలుగున్నర వేలని తేల్చాడు. "అయిదు కావాలె" అన్నారు పర్వతాలు గారు. "లెక్కల రాలేదు సార్" అన్నాడు రిచర్డ్. ఆయన నవ్వేశారు.

అంకె కంటే ముఖ్యమైన మాట దాని కింద రాసుకున్నాం. పిలిచి మమ్మల్ని ఎయిర్‌పోర్టుకు రప్పించాక విమానం లేచినా లేవకపోయినా ఆ రోజుకి పూర్తి రేటు ఇవ్వాలి. మధ్యలోంచి తిరిగొచ్చినా అంతే. లేవాలా వద్దా అన్నది పైలట్ మాట. దాని మీద ఎవరూ ఫోన్లు చెయ్యకూడదు. పర్వతాలు గారు, నేను సంతకాలు పెట్టాం. ఒకరి రేటు తగ్గించి ఇంకొకరు వెళ్ళకూడదని నోటిమాటగా అనుకున్నాం.

రామభద్రరావు గారికి తీసుకెళ్ళి ఇచ్చాను. అద్దాలు పైకి పెట్టుకుని చదివారు. "ఎగరనందుకు డబ్బులా? మేడమ్, నేను సినిమా టిక్కెట్టు కొని హాల్లోకి పోకపోతే... ఆఁ, అయినా ఇస్తాననుకోండి" అని తన మాటల్లో తనే చిక్కుకుని, "ఇది జరిగే పని కాదండీ" అన్నారు. బొంబాయి నుంచి ఒకాయనను రప్పిస్తున్నారట, రెండు వేలకే.

వారం రోజులుగా రామభద్రరావు గారి నుంచి ఫోన్ లేదు. పొద్దున్నే లేస్తాను, బట్టలు ఆరేస్తాను, లైసెన్సు పుస్తకాలు చదువుతాను. పర్వతాలు గారు రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఏమన్న ఉన్నదా?" అంటారు. లేదంటాను. "నాకు సుత లేదు" అని పెట్టేస్తారు. చేసింది సరైనదే అనుకుంటున్నాను. అయినా విసుగ్గా ఉంది, చిన్నాన్నా.

మీ
సువార్త


డోర్నకల్,
20 జనవరి 1998

సువార్తకు,

కాంతమణి గారికి చెప్పాను. నెల రోజులు నాతో మాట్లాడదు, పర్వాలేదు. గది ఉంది. చిన్నమ్మ అందులో మిరపకాయలు ఆరబోసింది.

ఎన్నికలు వచ్చాయి కదా! నాయకులంతా విమానాలెక్కి తిరుగుతున్నారని ఇక్కడ చాయ్ హోటల్లో ఒకటే మాట. పైలట్లు దొరకరు. ఇదే సమయం. రెట్టింపు అడుగు. మూడింతలు అడుగు. నేను తక్కువ అడగమన్నందుకు ఇది పరిహారం అనుకో. జంకవద్దు.

దేవసహాయం


కార్ఖానా,
8 మార్చి 1998

చిన్నాన్నకు,

ఎన్నికలు అయిపోయాయి. నాలుగు రోజులుగా నిద్రపోతూనే ఉన్నాను. ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

మీరు రాసిన వారానికే రామభద్రరావు గారు ఇంటికి వచ్చారు. ఫోన్ కాదు, స్వయంగా. బొంబాయి ఆయన ఇంకెవరో ఎక్కువ ఇస్తే వెళ్ళిపోయాడట. సోఫా అంచున కూర్చుని, "మేడమ్, తొమ్మిది వేలిస్తాను రోజుకి. ఆ కాగితం మాత్రం పక్కన పెట్టండి. ఎలక్షన్లు కదా, ఎలాగైనా లేవాల్సిందే" అన్నారు.

మీరు అడగమన్న రెట్టింపు అది. నేను అడగకుండానే వచ్చింది. రిచర్డ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

"నాలుగున్నర వేలే ఇవ్వండి. కాగితం ఉంటుంది," అన్నాను.

"ఎక్కువ ఇస్తానంటే వద్దంటారేంటండీ మీరు!" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. వేరే దారి లేక సంతకం పెట్టారు.

పర్వతాలు గారి దగ్గరికీ ఇంకో కంపెనీ వాళ్ళు రెట్టింపుతో వెళ్ళారు, కాగితం లేకుండా. ఆయన వెళ్ళారు. నాకు చెప్పలేదు. నాలుగు రోజులు నడిపి అయిదో రోజు వచ్చి గేటు దగ్గరే నిలబడి, "ఆశ పుట్టిందమ్మా" అన్నారు. "తుఫాను గాలిల గుడ లేపమన్నరు. లేపిన. ఇగ పోను." ఆగస్టులో నేను చేసిన దానికి ఆయన స్కూటరు మీద ఇంతదూరం వచ్చి లెక్క చెప్పారే గానీ తిట్టలేదు. లోపలికి రమ్మన్నాను.

ఫిబ్రవరి పదో తారీకున గన్నవరం వెళ్ళాలి. పెద్ద నాయకుడే, పేరు రాయను. పదింటికి విజయవాడలో సభ. ఆరున్నరకే బేగంపేటకు వెళ్ళాను. గన్నవరంలో పొగమంచు, రన్‌వే సగం కూడా కనిపించడం లేదని అక్కడి టవరు వాళ్ళు చెప్పారు. ఆగాలన్నాను. ఏడున్నరకు నాయకుడు వచ్చాడు, వెంట పదిమంది. ఎనిమిదిన్నరకు మళ్ళీ అడిగాను, మంచు అలాగే ఉంది. ఇప్పుడు లేవనన్నాను.

ఆయన వెంట ఉన్నవాళ్ళలో ఒకడు నా మీదికి వచ్చినంత పని చేశాడు. "అమ్మా, అక్కడ లచ్చ మంది కూసున్నరు. నీకు మంచు గురించి ఏం ఎరుక?" అన్నాడు. ఇంకొకడు "ఆడోళ్ళను పెడ్తె గిట్లనే ఉంటది" అన్నాడు. నాయకుడు మాత్రం అడిగాడు, "ఎంతసేపు పడుతుందమ్మా?" అని. తెలియదన్నాను. ఆయన గడియారం చూసుకుని కారు తెమ్మన్నాడు. పదిన్నరకు గన్నవరంలో మంచు విడిచింది. కబురు పంపితే, ఆయన అప్పటికే సూర్యాపేట దగ్గర ఉన్నాడట.

రామభద్రరావు గారు ఆ గంటల్లో ఒక్క మాట అనలేదు. కాగితంలో ఉంది గనుక. ఆయన మొహం మాత్రం చూడలేకపోయాను. అంతసేపూ కూర్చుని కిటికీలోంచి రన్‌వే చూడడం తప్ప నేను చేసిన పని లేదు. మూడు ట్రిప్పులు నడిపినా అంత అలసట రాదు.

పదకొండుకు ఇంటికి వచ్చాను. ఆ రోజు బడికి సెలవు, రిచర్డ్ ఇంట్లోనే ఉన్నాడు.

"పోలేదా?"

"పోలేదు."

"సరే, చారు పెట్టిన. తిను," అన్నాడు. తిని పడుకున్నాను. లేచేసరికి నాలుగయింది.

మర్నాడు రామభద్రరావు గారే వచ్చి చెక్కు ఇచ్చారు. పూర్తి రేటు. రసీదు మీద నేను సంతకం చేస్తుంటే, "ఎగరని రోజుకి డబ్బులివ్వడం నా సర్వీసులో ఇదే మొదటిసారండీ మేడమ్" అన్నారు. కోపంగా కాదు, ఎవరికో జరిగిన సంగతి చెప్తున్నట్టు అన్నారు. ఎన్నికలు అయ్యేదాకా పిలుస్తూనే ఉన్నారు. ఆ తర్వాత పిలవలేదు. మళ్ళీ చవకలో ఎవరో దొరికి ఉంటారు. ఇంకో రెండు కంపెనీలకు ఆ కాగితం ఇచ్చి వచ్చాం. ఒకరు చింపేశారట. ఇంకొకరు ఒప్పుకున్నారు.

వేసవికి వస్తున్నాం. మిరపకాయలు తీయించమని చిన్నమ్మకు చెప్పండి. కాంతమణి గారు మాట్లాడే పక్షంలో, నేను ఉన్న వారం రోజులూ, సెలవులకు ఇంటిపట్టునున్న పిల్లలకు బడిలో చెప్తాను, ఊరికే.

ఈ నెల మొత్తానికి నాకు నాలుగు రోజులే పని ఖాయమైంది. పర్వతాలు గారికి మూడు. రేటు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

మీ కూతురు
సువార్త